ఇంజను పని చేయించిన పాతకారు కదలకపోతే?

వేలకు వేలు పోసి ఇంజను పని చేయించిన కారు తీరా తాళం త్రిప్పేసరికి కదలకపోతే, యింటిల్లిపాదికీ కలిగే బాధ అనుభవించినవారికి గాని తెలియదు. డబ్బు పోయింది, కారు రాలేదు, పైగా యెవరిని అనాలో తోచదు. చివరకు అందరి నోళ్ళూ మేస్త్రీ మీదకే పోతవి. మా యింట్లోనూ సరిగ్గా అదే జరిగింది. ఆ మూడు రోజులలో మేము నేర్చుకున్నది పాతకారు వుంచుకున్న యితర కుటుంబాలకు కూడా వుపయోగిస్తుందని యిక్కడ వ్రాస్తున్నాము.

మాది బరంపురం. 1936లో గంజాం జిల్లా ఒరిస్సా రాష్ట్రంలో కలిసేనాటికే మా తాతగారు యీ వూళ్ళో యిల్లు కట్టుకున్నారు. మా నాన్నగారు 1968లో మార్క్ టూ అంబాసిడర్ కొన్నారు. ఆ రోజులలో కారు కావాలంటే డబ్బుంటే చాలదు, పేరు వ్రాయించుకుని యేళ్ళ తరబడి కాచుకోవాలి. అట్లా కాచుకుని తెచ్చుకున్న బండి గనుక దానిని యింట్లో మనిషిగానే చూశారు. మా చెల్లెళ్ళిద్దరూ, మా అన్నగారి అమ్మాయీ, మా అమ్మాయీ — నలుగురూ అప్పగింతలయిన తర్వాత యీ కారులోనే అత్తవారిండ్లకు వెళ్ళారు. ఇప్పుడు మా అన్నగారి మనుమరాలి పెండ్లి మాఘమాసంలో కుదిరింది. పెండ్లివారిది పలాస. "నన్ను కూడా ఆ బండిలోనే పంపించాలి తాతయ్యా!" అని పిల్ల అడిగింది. కాదనగలమా?

కాని బండికి ఓపిక లేదు. పొగ విపరీతం, నూనె తాగుడు విపరీతం. ఎత్తు వస్తే మూలుగు. శ్రావణమాసంలో ఇంజను దింపించాము. సిలిండర్లకు బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేయించాము. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, వాల్వు సీట్లు — అన్నీ అయినవి. ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్సువారు 2014లో యీ కారు తయారీ ఆపివేశారు గనుక సామాను కోసం కలకత్తాదాకా మనిషిని పంపవలసి వచ్చింది. పనంతా అయ్యేసరికి లగ్నానికి పన్నెండు రోజులే మిగిలినవి.

మేస్త్రీగారు

ఈ కారుకు మొదటినుంచీ ఒక్కరే మేస్త్రీ. నాన్నగారు కారు కొన్ననాడు ఆయన షెడ్డులో పానాలు అందించే పదిహేనేళ్ళ కుర్రవాడు. ఇప్పుడు డెబ్బయి దాటినవి. ఇంటిభాష ఒరియా అయినా మాతో తెలుగే మాట్లాడతారు. ఇంజను తిరిగి కారులోకి దింపిన మర్నాటినుంచే ఆయనకు జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ మేము వూరుకోలేదు. లగ్నం దగ్గర పడుతున్నదన్న తొందర ఒకటి, మాకూ కొంచెం తెలుసునన్న గర్వం మరొకటి. మా అబ్బాయీ మేమూ కలసి "చిల్లర పనులు" పూర్తి చేశాము. అవి చిల్లర పనులు కావని తర్వాత తెలిసింది.

అయిదవనాడు మేస్త్రీగారు శాలువా కప్పుకుని వచ్చారు. నీళ్ళు చూశారు, నూనె చూశారు, తాళం త్రిప్పారు. సెల్ఫ్ "గుర్...గుర్..." అని ముసలి దగ్గు దగ్గి ఆగింది. పది నిమిషాలు కొట్టేసరికి బ్యాటరీ నీరసించింది. ఇంజను పలకలేదు.

సాయంత్రానికి యింట్లో సభ జరిగింది. "ముసలాయనకు చేతులు వణుకుతున్నవి, బోరు బిగువైపోయి ఇంజను పట్టేసింది" అన్నారొకరు. "మళ్ళీ విప్పించి వేరే షెడ్డులో యివ్వండి" అన్నారు మరొకరు. "పాత యినుముకు అమ్మేసి అద్దెకారు పిలవండి" అన్నాడు మా బావమరది. ఆ మాటలు వరండాలో కూర్చున్న మేస్త్రీగారి చెవిని పడకుండా వుండవు. ఆయన లేచి, "బాబూ, విప్పమంటే విప్పుతాను. కొత్త గాస్కెట్లు పోతవి, మళ్ళీ వారం పడుతుంది. విప్పకముందు నాకు మూడు రోజులు యివ్వండి" అన్నారు. మా అమ్మగారు లోపలినుంచే, "ఇవ్వండి నాయనా, యాభై యేళ్ళు చూసిన చెయ్యి" అన్నారు. ఆ మాటతో సభ ముగిసింది.

మొదటి రోజు: వేడెక్కిన చోకు తీగె

పెట్రోలు ఇంజను పలకాలంటే నాలుగు సంగతులు కలసి రావాలి. ఇంజను తగిన వేగంతో తిరగాలి. గాలీ పెట్రోలూ తగు పాళ్ళలో లోపలికి రావాలి. పిస్టను దానిని గట్టిగా నొక్కాలి. సరిగ్గా సమయానికి నిప్పురవ్వ పడాలి. ఈ నాలుగింటిలో యేది లోపమో తెలియకుండా ఇంజను విప్పటం, జ్వరమొచ్చినవాడికి కాలు కోసి చూడటం వంటిది.

మేస్త్రీగారు ముందు తిరుగుడు సంగతి చూశారు. నాలుగు ప్లగ్గులూ విప్పి, హ్యాండిలు పెట్టి చేత్తో త్రిప్పారు. కొత్త రింగుల బిగువు వున్నది గాని సాఫీగానే తిరిగింది. అంటే ఇంజను పట్టేయలేదు. మరి సెల్ఫ్ యెందుకు యీడుస్తున్నది? బ్యాటరీ నిండా ఛార్జి చేయించి మళ్ళీ కొట్టించి, ఆయన చెయ్యి చోకు తీగె మీద వేశారు. తీగె కాలుతున్నది!

కారణం యిది. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుని వుంటుంది. రబ్బరులోనుంచి కరెంటు పోదు. అందుచేత బాడీకీ ఇంజనుకూ మధ్య ఎర్త్ పట్టీ ఒకటి బిగిస్తారు. సెల్ఫ్ లాగే కరెంటంతా ఆ పట్టీగుండానే బ్యాటరీకి తిరిగి చేరాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు దొరికిన సన్నదారిన — చోకు తీగె ద్వారానో ఆక్సిలరేటర్ తీగె ద్వారానో — పోబోతుంది. తీగె కాలుతుంది, సెల్ఫ్ నీరసిస్తుంది.

ఇంజనుకు చక్కని రంగు వేయించినది మేము. ఆ రంగు మీదనే ఎర్త్ పట్టీ బిగించినదీ మేమే. మేస్త్రీగారు బోల్టు విప్పి, ఆ చోట రంగు గీకి, యినుము తళతళలాడేదాకా పాలిష్ కాగితంతో రుద్ది బిగించారు. సెల్ఫ్ ఝామ్మని తిరిగింది. ప్లగ్గులు లేకుండానే కొంతసేపు త్రిప్పించి, నూనె ఒత్తిడి వచ్చినదని మీటరులో చూసుకున్నారు. కొత్త బేరింగులకు ఇంజను పలకకముందే నూనె అందాలి, యిది మరచిపోకూడదు.

ఇంజను తిరిగింది గాని పలకలేదు.

రెండవ రోజు: నిప్పురవ్వ లేదు

మర్నాడు కాయిలునుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే లావుపాటి తీగెను విప్పి, రబ్బరు తొడుగున్న పటకారుతో ఇంజనుకు పావు అంగుళం దూరంలో పట్టారు. తాళం వేసి పాయింట్లను తెరచి మూశారు. రవ్వ లేదు.

ఇక్కడ చాలామంది కొత్త కాయిలు, కొత్త కండెన్సరు కొనుక్కువస్తారు. ఆయన రూపాయి ఖర్చు లేకుండా చిన్న బల్బు ఒకటి తీసుకున్నారు. బల్బుకు ఒక తీగె కాయిలులో డిస్ట్రిబ్యూటరు వైపు మొలకు, రెండవది ఎర్త్‌కు. పాయింట్లు మూసివున్నప్పుడు బల్బు ఆరాలి, తెరచుకున్నప్పుడు వెలగాలి. మా బల్బు పాయింట్లు తెరచినా వెలగలేదు. డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్నతీగె వూడదీయగానే వెలిగింది. అంటే కరెంటు కాయిలుదాకా వస్తున్నది, డిస్ట్రిబ్యూటరు లోపల యెక్కడో నేలపాలవుతున్నది.

మూత తీసి కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఈ పాయింట్లు యెవరు వేశారు బాబూ?" అని అడిగారు. మేమే వేశామని చెప్పక తప్పలేదు. పాయింటు స్ప్రింగు కూర్చునే చిన్న మొల వుంటుంది. దాని మీద పేపరు అట్టవంటి ఫైబరు వాషర్లుంటవి. సన్నతీగె కొసా, కండెన్సరు కొసా స్ప్రింగును తాకాలి గాని మొలను తాకకూడదు. వాషరు వరుస తప్పితే కరెంటంతా మొలగుండా ఎర్త్ అయిపోతుంది. మేము వాషరు పైన వేయవలసినది క్రింద వేశాము. బియ్యపు గింజంత పొరపాటు!

వాషరు సరిచేసి, పాయింట్ల మధ్య ఎడం 15 థౌ — అనగా అంగుళంలో వెయ్యవ వంతులు పదిహేను — గేజితో చూసి పెట్టారు. కొత్త పాయింట్ల ముఖాలకు తుప్పు పట్టకుండా జిడ్డు పూసి పంపుతారు. దానిని కూడా గుడ్డతో తుడిచారు. ప్లగ్గుల ఎడం 25 థౌ. ఈసారి తీగె కొసన నీలిరంగు రవ్వ టప్పుమని దూకింది.

అదే రోజు పెట్రోలు కూడా చూశారు. శ్రావణంనుంచి టాంకులో వున్నది ఆ పాత పెట్రోలే. ఇప్పుడు మన దేశంలో పెట్రోలులో 20 శాతందాకా ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలుకు తేమను పీల్చే గుణం వున్నది. నీరు యెక్కువైతే ఇథనాలు ఆ నీటితో కలసి పెట్రోలునుంచి విడిపోయి అడుగున చేరుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలకూ పంపు డయాఫ్రమ్‌కూ కూడా అది సరిపడదు. అందుచేత టాంకు ఖాళీ చేయించి, గొట్టాలు మార్చి, క్రొత్త పెట్రోలు పోశాము. కాయిలు తీగె వూడదీసి, కార్బొరేటరు గొట్టం కొసను సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పంపు చక్కగా చిమ్మింది.

అన్నీ బిగించి తాళం త్రిప్పాము. "ఠాప్!" మని కార్బొరేటరులోనుంచి మంట తుమ్మింది. మళ్ళీ త్రిప్పితే మళ్ళీ తుమ్ము. ఇంజను మాత్రం పలకలేదు.

మూడవ రోజు: ముళ్ళు చెప్పిన మాట

నిప్పు వున్నది, పెట్రోలు వున్నది. అయినా తుమ్ముతున్నదంటే రవ్వ తప్పుడు వేళలో పడుతున్నదన్న మాట. మద్దెల యెంత మంచిదయినా తాళం తప్పితే భజన సాగదు.

ఇంజనులో ఒక్కొక్క పిస్టను నాలుగు పనులు చేస్తుంది: పీల్చటం, నొక్కటం, మండించి త్రోయటం, పొగ వెళ్ళగొట్టటం. ఈ నాలుగూ ముగిసేసరికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది, కాం షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుచేత ఒకటవ పిస్టను పైకొసకు రెండుసార్లు వస్తుంది: ఒకసారి నొక్కి, మరొకసారి పొగ వెళ్ళగొట్టి. రెండు వేళలలోనూ పుల్లీమీది గుర్తు ఒక్కచోటనే నిలుస్తుంది. గుర్తు చూసి మోసపోయేది యిక్కడే. రవ్వ నొక్కిన వేళకు పడాలి. అరచుట్టు తేడాగా పడితే లోపలికి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుని కార్బొరేటరులోనుంచి తుమ్ముతుంది.

మేస్త్రీగారు ఒకటవ ప్లగ్గు — రేడియేటరు వైపుది — విప్పి, ఆ రంధ్రం మీద మా అబ్బాయి బొటనవేలు పెట్టించి, హ్యాండిలు మెల్లగా త్రిప్పారు. వేలిని గాలి త్రోసిన వేళ పుల్లీ గుర్తు దగ్గర ఆపారు. వాల్వు కవరు తీసి మరొక సాక్ష్యం చూపించారు. ఒకటవ సిలిండరు రెండు వాల్వులూ వదులుగా వున్నవి, నాలుగవదాని వాల్వులు ఒకటి మూసుకుంటూ రెండవది తెరచుకుంటూ వుయ్యాల వూగుతున్నవి. ఒకటవది నొక్కిన వేళ అంటే యిదే. అప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత యెత్తి చూస్తే రోటరు మేము నాలుగవ ప్లగ్గుకు తగిలించిన తీగెవైపు చూస్తున్నది!

"పుస్తకంలో బొమ్మ చూసే తగిలించామండీ" అన్నాము. నిజమే, కొత్త మూత, కొత్త తీగెలు కొని, బొమ్మలో వున్నట్లే 1-3-4-2 వరుసన గడియారానికి ఎదురు దిశగా తగిలించాము. వరుస తప్పలేదు. మొదలు తప్పింది.

"పాత మూత యేది బాబూ?" అన్నారు ఆయన. షెడ్డు వెనుక చెత్తబుట్టలో దొరికింది, పాత తీగెలతో సహా. ఒక్కొక్క తీగెకూ నల్లబడిన నూలుదారం కట్టివున్నది. ఒకదానికి ఒక ముడి, మరొకదానికి రెండు, మూడు, నాలుగు. మసిపట్టిన దారాలని మేము పారవేసినవి ఆయన వ్రాసి పెట్టుకున్న లెక్క! ఒక ముడి తీగె మూతలో, పుస్తకంలో చూపినచోటికి సరిగ్గా ఎదురుగా వున్నది.

సంగతి యేమిటంటే, డిస్ట్రిబ్యూటరును త్రిప్పే పళ్ళకడ్డీ యెప్పుడో, బహుశా యేళ్ళక్రితం, అరచుట్టు తేడాతో కూర్చున్నది. దానికి తగినట్లు తీగెలు మార్చుకుంటే ఇంజనుకు యే లోటూ లేదు. మా కారు అట్లాగే హాయిగా నడిచింది. మేస్త్రీగారు విప్పినది విప్పినట్టే బిగించి, గుర్తుకు ముళ్ళు వేసుకున్నారు. మేము ఆ ముళ్ళు పారవేసి పుస్తకాన్ని నమ్మాము. పుస్తకం అబద్ధం చెప్పలేదు, కాని మా బండి చరిత్ర దానికి తెలియదు.

నాలుగు తీగెలనూ రెండేసి రంధ్రాలు జరిపారు. అంటే ఒకటీ నాలుగూ, రెండూ మూడూ స్థానాలు మారినవి. తాళం త్రిప్పిన రెండవ చుట్టుకే ఇంజను పలికింది. కాస్త నీలిపొగ, తర్వాత పాలమీద మీగడ కట్టినట్లు నెమ్మదైన శబ్దం. మా అమ్మగారు హారతి పళ్ళెంతో బయటికి వచ్చారు. మేస్త్రీగారు ఇంజను వైపు చూస్తూ శాలువా కొసతో కళ్ళు ఒత్తుకున్నారు. మూడు రోజులుగా ఆయన రాత్రులు నిద్రపోలేదని వారి కోడలు తర్వాత చెప్పింది. సభలో మాటలన్నవారందరమూ — మా బావమరదితో సహా — ఆయన చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాము. "నా పేరు పోతుందని కాదు బాబూ, పెద్దబాబు బండి ఆగిపోతుందని భయం" అన్నారు. పెద్దబాబంటే మా నాన్నగారు.

వరుసగా చూడవలసినవి

మద్రాసులో తయారయిన స్టాండర్డ్ హెరాల్డు గాని, బొంబాయిలో తయారయిన ఫియట్టు గాని, మాబోటి అంబాసిడరు గాని వున్నవారు యీ వరుస వ్రాసి వుంచుకుంటే మేలు.

1. చేత్తో త్రిప్పితే ఇంజను సాఫీగా తిరుగుతున్నదా? తిరిగితే ఇంజను విప్పే మాట మరచిపొండి.

2. సెల్ఫ్ యీడుస్తున్నదా? బ్యాటరీ, దాని మొలలు, ఎర్త్ పట్టీ చూడండి. రంగు మీద ఎర్త్ అందదు.

3. రవ్వ వున్నదా? కొత్త సామాను కొనకముందు బల్బు పెట్టి చూడండి. రోటరు పెట్టటం మరచిపోయినవారు కూడా వున్నారు.

4. పెట్రోలు తాజాదేనా? కార్బొరేటరుకు అందుతున్నదా? తుమ్మే ఇంజను కార్బొరేటరులో పెట్రోలు పోయవద్దు. మంట ముఖానికి వస్తుంది.

5. రవ్వ నొక్కిన వేళకే పడుతున్నదా? బొటనవేలూ, వాల్వులూ సాక్ష్యం. పుల్లీ గుర్తు ఒక్కటే చాలదు.

6. నొక్కుడు వున్నదా? టాపెట్లు మరీ బిగువుగా వుంటే వాల్వులు మూసుకోక నొక్కుడు పోతుంది. మా ఇంజనుకు 15 థౌ ఎడం వుండాలి. దీనికి మేస్త్రీగారు చెప్పిన తొమ్మిది లెక్క సులువు. ఎనిమిది వాల్వులకు ముందునుంచి వరుసగా అంకెలు వేసుకోండి. ఒకటవది పూర్తిగా తెరచినప్పుడు ఎనిమిదవది సరిచేయాలి, మూడవది తెరచినప్పుడు ఆరవది. రెండూ కలిపితే యెప్పుడూ తొమ్మిదే. ఈ లెక్క అంబాసిడరు ఇంజనుకు సరిపోతుంది. ఇతర బండ్లవారు తమ పుస్తకం చూసుకోవాలి.

ఒక్కొక్కసారి ఒక్కటే మార్చండి. మార్చిన తర్వాత చూడండి. రెండు మూడు కలిపి మారిస్తే బాగుపడినా యెందువల్ల బాగుపడినదో తెలియదు, చెడినా అంతే.

వీటన్నిటికంటె ముఖ్యమయినది మరొకటి. నిన్నటిదాకా నడచిన ఇంజను పని చేయించిన తర్వాత పలకకపోతే, లోపం సామాన్యంగా మనిషి చెయ్యి చివర తగిలినచోటనే వుంటుంది. అందుచేత మీరు ముట్టుకున్నది యెంత చిన్నదయినా సరే మేస్త్రీకి దాచకుండా చెప్పండి. మేము మొదటి రోజే ఆ మూడు పనులూ చెప్పివుంటే గంటలో తేలిపోయే సంగతి. సిగ్గుపడి దాచినందుకు ఒక పెద్దమనిషి మూడు రాత్రులు నిద్ర మానుకోవలసి వచ్చింది.

పెండ్లినాటికి మిగిలిన రోజులలో బండిని నెమ్మదిగా, ఇంజనుకు బరువు పడకుండా త్రిప్పాము. హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించారు, నూనె మార్చారు. అప్పగింతలయిన మర్నాటి వుదయం పిల్ల కారెక్కింది. ముందుసీటులో మేస్త్రీగారిని కూర్చోబెట్టాము. ఇచ్ఛాపురం దాటి పలాస చేరేదాకా ఆయన ఒక్కమాట మాట్లాడలేదట, ఇంజను శబ్దమే వింటూ కూర్చున్నారట.

పాత తీగెలు నాలుగూ ముళ్ళతో సహా యిప్పుడు మా షెడ్డు గోడకు మేకున వ్రేలాడుతున్నవి. ఎవరినీ తియ్యనివ్వము.